నెల్లూరు తీరంలో పాత ఇల్లు: వేడిని ఎక్కడ ఆపాలి?

అమెరికాలోని న్యూజెర్సీలోనో మిన్నెసోటాలోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి తొలి చలికాలం బిల్లే పెద్ద పాఠం. ఇంటిని వెచ్చబరచడానికి కాల్చిన గ్యాసులో చాలా భాగం గోడల గుండా బయటికి పోయిందని అప్పుడు తెలుస్తుంది. పనివాళ్లను పిలిపించి, గోడ చెక్కల మధ్య ఖాళీల్లో గ్లాస్ ఊల్, కాగితపు పీచు లాంటివి నింపిస్తారు. మరుసటి ఏడు బిల్లు తగ్గుతుంది. ఆ చలి దేశాల్లో పరీక్షకు నిలిచిన ఉపాయమిది.

నెల్లూరు తీరంలో ఇంటిని వెచ్చబరచాల్సిన అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ డబ్బంతా చల్లబరచడానికే ఖర్చవుతుంది. అయితే ఉష్ణనిరోధకం అనే వస్తువు ఇక్కడి దుకాణాల్లోనూ దొరుకుతోంది. గోడలకు థర్మోకోల్ పలకలు కొట్టించుకుంటే ఏసీ బిల్లు సగమవుతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. సూత్రం ఒకటే కాబట్టి మందూ ఒకటే అనిపించడం సహజం. భౌతికశాస్త్రం లెక్క మాత్రం వేరుగా ఉంది. ఈ తీరంలోని పాత ఇంటికి ఖర్చుపెట్టే మొదటి రూపాయి పైకప్పుకు వెళ్లాలి, రెండోది పడమటి గోడ నీడకు. నాలుగు గోడలకూ ఉష్ణనిరోధకం తొడగడం చిట్టచివరి పని. కొన్ని ఇళ్లలో ఆ అవసరం అసలే రాదు.

తేడా ఎంత, ఎంతసేపు?

గోడ గుండా పారే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది: లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా, గోడ వైశాల్యం, గోడ చూపే నిరోధం. చలి దేశంలో లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 10 అనుకుంటే తేడా 30 డిగ్రీలు. ఆ తేడా రాత్రనక పగలనక నెలల తరబడి ఉంటుంది. వేడి నాలుగు గోడల నుంచీ, కప్పు నుంచీ ఒకే దిశలో బయటికి పోతూనే ఉంటుంది. అందుకే అక్కడ ప్రతి గోడనూ కప్పి ఉంచడంలో అర్థముంది.

నెల్లూరులో మే నెల మధ్యాహ్నం బయటి గాలి 40 డిగ్రీలు, ఏసీ లేని గదిలో 34 అనుకుందాం. తేడా 6 డిగ్రీలే. అర్ధరాత్రికి బయట 30కి దిగుతుంది, గది మాత్రం 33 దగ్గరే ఉంటుంది. అంటే ప్రవాహం దిశ మారింది, ఇప్పుడు వేడి బయటికి పోవాలి. పగలు వేడిని రానివ్వకపోవడం ఎంత ముఖ్యమో, రాత్రి పోనివ్వడం అంత ముఖ్యం. ఫ్లాస్కులో పోసిన కాఫీ వేడిగా ఉండడానికీ, నాలుగు వైపులా ఉష్ణనిరోధకం తొడిగి కిటికీలు మూసిన ఇల్లు రాత్రంతా ఉడికిపోవడానికీ కారణం ఒకటే.

గాలి ఉష్ణోగ్రతల తేడా ఇంత చిన్నదైతే మరి రోహిణి కార్తెలో గది కొలిమిలా ఎందుకు మారుతుంది? జవాబు ఎండలో ఉంది. ఎండ అన్ని ముఖాల మీదా సమానంగా పడదు.

సూర్యుడు ఏ గోడను కొడతాడు?

నెల్లూరు పట్నం సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తరువాత ఉత్తరానికి జరిగి, ఆగస్టు రెండో వారంలో తిరిగి నడినెత్తి మీదుగా దక్షిణానికి మళ్లుతాడు. అంటే కర్తరి మొదలుకొని రోహిణి దాటేదాకా మధ్యాహ్నపు ఎండను కప్పు దాదాపు నిట్టనిలువుగా తాగుతుంది. ఆ సమయంలో ఒక చదరపు మీటరు కప్పు మీద 900 నుంచి 1000 వాట్ల దాకా సౌరశక్తి పడుతుంది.

దక్షిణపు గోడకు ఆ నెలల్లో నేరుగా ఎండ దాదాపు తగలదు. దాని మీద ఎండ పడేది చలికాలంలో, ఈశాన్య రుతుపవనాల మబ్బు కమ్మే రోజుల్లో. ఉత్తరపు గోడకు మే, జూన్‌లలో ఏటవాలుగా కాస్త ఎండ తాకుతుంది, చిన్న ఛజ్జా దాన్ని ఆపేస్తుంది. తూర్పు గోడ ఎండను ఉదయం పూట, ఇల్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడు అందుకుంటుంది. మిగిలింది పడమటి గోడ. గాలి అప్పటికే కాగి ఉంటుంది, సూర్యుడు కిందికి వాలి గోడను ఎదురుగా కొడతాడు. అంత వాలు ఎండను కిటికీ పైనున్న ఛజ్జా అడ్డుకోలేదు.

కాగితం మీద ఒక గది

పన్నెండు అడుగులు, పది అడుగుల గది తీసుకుందాం. కప్పు వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. అయిదారు అంగుళాల మామూలు కాంక్రీటు స్లాబు ప్రతి డిగ్రీ తేడాకూ చదరపు మీటరుకు 3.3 వాట్ల వేడిని పోనిస్తుంది. బూడిద రంగు సిమెంటు పైభాగం ఎండలో మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. ఎండ, గాలి రెండూ కలిసి ఆ కప్పు మీద 65 డిగ్రీల గాలి వీచినంత పని చేస్తాయి. లోపల 34 డిగ్రీలుంటే తేడా 31. గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 100 వాట్లు, గది మొత్తానికి 1,100 వాట్లు. ఒక టన్ను ఏసీ తోడిపోసే వేడి 3,500 వాట్లు. ఆ శక్తిలో దాదాపు మూడో వంతు కప్పు ఒక్కదానికే సరిపోతుంది.

తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా పూతతో కలిపి, డిగ్రీకి 2 వాట్ల వేడిని వదులుతుంది. సాయంత్రం నాలుగింటి ఎండలో పడమటి గోడ చదరపు మీటరుకు 45 వాట్ల దాకా లోపలికి తేగలదు, అదీ రెండు మూడు గంటలు. ఉత్తర దక్షిణ గోడలు 20 వాట్లు దాటవు. కప్పు తెచ్చే వేడి ముందు ఈ అంకెలు చిన్నవి.

ఇప్పుడు కప్పుకు చికిత్స చేసి చూద్దాం. ఎండలో నాలుగింట మూడు వంతులు తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే చదరపు మీటరుకు 100 వాట్లు 46కు దిగుతాయి. పూత లేకుండా రెండంగుళాల నురుగు పలక పరిస్తే 18కి, రెండూ చేస్తే 8కి. ప్రవాహం స్థిరంగా ఉందనుకుని కట్టిన లెక్కలివి. నిజమైన కప్పు వేడిని దాచుకుని ఆలస్యంగా వదులుతుంది కాబట్టి గంటవారీ అంకెలు మారతాయి, వరుస మాత్రం మారదు.

ఆ ఆలస్యమే మన రాత్రులను పాడుచేస్తుంది. కాంక్రీటు స్లాబు పైన పడ్డ మధ్యాహ్నపు వేడి కింది ముఖానికి చేరేసరికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదారింటికి లోకప్పు అన్నిటికంటే వేడిగా ఉంటుంది. అక్కడి నుంచి మంచం మీద పడుకున్న మనిషి వైపు వికిరణం రూపంలో వేడి కురుస్తూనే ఉంటుంది. శరీరానికి తెలిసే వేడిలో గాలి ఉష్ణోగ్రతది సుమారు సగం పాత్ర, చుట్టూ ఉన్న ఉపరితలాలది మిగతా సగం. సీలింగ్ ఫ్యాను ఆ వికిరణాన్ని ఆపలేదు. పైగా కప్పు కింద పేరుకున్న వేడి గాలినే కిందికి నెడుతుంది.

పెద్దలు కట్టిన కప్పులు, తుఫాన్లు మార్చిన కప్పులు

నెల్లూరు మూలాపేట, రంగనాయకులపేట లాంటి పాత పేటల్లో ఇప్పటికీ కనిపించే మిద్దె ఇళ్లు ఈ లెక్కలు కట్టకుండానే వాటికి జవాబిచ్చాయి. మద్రాసు టెర్రస్ అని పేరుపడిన ఆ పద్ధతిలో టేకు దూలాల మీద దంతెలు వేసి, పలుచని చిన్న ఇటుకలను నిలబెట్టి సున్నంతో అతికేవారు. దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన మందపాటి పొర. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు పోసేవారు. పులికాట్ సరస్సు గుల్లల నుంచి కాల్చి తీసిన గుల్ల సున్నానికి ఈ ప్రాంతంలో పేరుండేది. ఏడాదికోసారి వేసే తెల్ల సున్నపు పూత ఎండను తిప్పికొట్టేది. సున్నంతో కట్టిన అడుగున్నర గోడలు వేడిని గంటల తరబడి ఆలస్యం చేసేవి. నడుమ ఉన్న మండువా రాత్రి పూట వేడి గాలిని ఆకాశంలోకి వదిలేది.

సముద్రం ఒడ్డున జాలరుల పట్టపుపాళేల్లో కప్పు తాటాకుది. ఎండుటాకుల మధ్య చిక్కుకున్న కదలని గాలి వేడిని బాగా అడ్డుకుంటుంది. అరడుగు మందపు ఆకు కప్పు రెండంగుళాల నురుగు పలక కంటే ఎక్కువ నిరోధం చూపుతుంది. ఈ సుఖానికి వెల ఉంది. నిప్పురవ్వ పడితే గుడిసెలు వరసగా కాలిపోతాయి, తుఫాను వస్తే ఎగిరిపోతాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుఫాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరానికి పక్కా కప్పు ఎంత అవసరమో చెప్పాయి. ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ స్లాబు ఇళ్లు కట్టించాయి. ఆ ఇళ్లు ప్రాణాలను నీటి నుంచి, గాలి నుంచి కాపాడతాయి. కాకపోతే నాలుగైదు అంగుళాల ఉత్త స్లాబుకు ఎండను ఆపే గుణం లేదు. సిమెంటు రేకుల ఇంటి సంగతి ఇంకా కష్టం, జింకు రేకుల నిరోధమైతే లెక్కలోకే రాదు.

వేడి కూడా ప్రాణాంతకమే. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. తుఫాను కోసం కట్టిన కప్పును వేడికి కూడా సిద్ధం చేయడం ఇప్పుడు మిగిలిన పని.

కప్పుకు ఏం చేయాలి?

అన్నిటికంటే చవక తెలుపు. తాజా సున్నం మంచి పరావర్తకం, పీల్చుకున్న కాస్త వేడినీ వికిరణంగా బాగా వదిలేస్తుంది. లోపం మన్నికలో ఉంది: వానకు కరుగుతుంది, దుమ్ముకూ నాచుకూ నల్లబడుతుంది. వేసవికి ముందు ఏటా వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్లు నిలుస్తాయి కానీ వాటినీ కడుగుతూ ఉండాలి. తెల్ల పింగాణీ ముక్కలు పరవడం ఖరీదైనదే అయినా దీర్ఘకాలం నిలిచే పద్ధతి. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్‌లోని కార్యాలయ భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పును తెల్లబరిస్తే చల్లబరిచే విద్యుత్తులో 10 నుంచి 19 శాతం, నల్ల కప్పును తెల్లబరిస్తే 14 నుంచి 26 శాతం ఆదా అయింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది.

రెండోది నీడ. మిద్దె మీద తాటాకు పందిరి వేసినా, వెదురు తడకలు పరిచినా ఎండ స్లాబును తాకదు. పందిరికీ కప్పుకూ మధ్య గాలి ఆడితే ఫలితం ఇంకా పెరుగుతుంది. సోలార్ పలకలూ ఈ పనే చేస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో ప్రాంగణంలో కొలిచి 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పలకల నీడ కప్పుకు చేరే వేడిని సుమారు 38 శాతం తగ్గించింది. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల రాయితీ ఉంది. కరెంటు లాభంతో పాటు నీడ లాభాన్నీ లెక్కలో వేసుకోవచ్చు. తీరంలో పలకలను తుఫాను గాలికి తట్టుకునేలా బిగించాలన్నది మరవకూడదు.

మూడోది ఉష్ణనిరోధకం. దాని చోటు స్లాబు పైన. పైన పరిస్తే స్లాబే ఎండ దెబ్బ తినకుండా ఉంటుంది, రోజూ వ్యాకోచించి సంకోచించే ఒత్తిడి తగ్గి పగుళ్లు తగ్గుతాయి. కింద ఫాల్స్ సీలింగ్‌లో పెడితే గదికి ఉపశమనం దొరుకుతుంది కానీ స్లాబు ఎప్పటిలాగే కాగుతుంది. పైన పరిచే ముందు స్లాబు ఆరోగ్యం చూపించుకోవాలి. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో కాంక్రీటులోకి క్లోరైడులు దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తాయి. పెచ్చులూడుతున్న స్లాబు మీద కొత్త బరువు పెట్టడం ప్రమాదం. ఆ మరమ్మతు ముందు, చల్లదనం తరువాత. మద్రాసు టెర్రస్ మిద్దెలకు ఇంజనీరు సలహా ఇంకా అవసరం. దంతెలు పుచ్చి ఉంటే వాటికి తెల్ల పూతకు మించిన బరువు పెట్టరాదు.

రేకుల ఇంటికి మరో దారి. రేకు కింద కొన్ని అంగుళాలు ఖాళీ వదిలి అల్యూమినియం రేకు కాగితం సాగదీసి కడితే, అది కింది వైపుకు వికిరణాన్ని దాదాపు వదలదు. ఖాళీలోని గాలి రెండు చివర్లా బయటికి పోయేలా వదలాలి. పాత ఆస్బెస్టాస్ రేకులను గీరడం, కోయడం చేయకూడదు, ఆ పీచు ఊపిరితిత్తులకు హాని. థర్మోకోల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి వంటింటి కప్పు కింద దాన్ని వాడకపోవడమే క్షేమం.

మరి గోడలు?

పడమటి గోడకు నిలువు నీడ కావాలి. వసారా, వెదురు తడక, తీగలల్లిన పందిరి, ఒక చెట్టు: వీటిలో ఏదైనా వాలు ఎండను గోడకు చేరకముందే ఆపుతుంది. ఉష్ణనిరోధకం గోడ లోపల చేరిన వేడిని ఆలస్యం చేస్తుంది, నీడ దాన్ని అసలు పుట్టనివ్వదు. గోడకు లేత రంగు వేయడం కూడా దాదాపు ఖర్చులేని పని.

ఏసీ పెట్టుకున్న పడకగదికి పడమటి గోడ ఉంటే అక్కడ ఉష్ణనిరోధకం అర్థవంతమే. అప్పుడు తేమ లెక్క చూసుకోవాలి. చలి దేశంలో ఆవిరి ఇంట్లోంచి బయటికి పోతూ గోడలో నీరవుతుంది, అందుకే అక్కడ ఆవిరిని ఆపే పొర గోడ లోపలి వైపు ఉంటుంది. మైపాడు లాంటి సముద్రపు ఊళ్లో ఆవిరి వేడి తేమగాలి నుంచి చల్లని గదివైపు నడుస్తుంది, పొర బయటి వైపు ఉండాలి. చలి దేశపు పద్ధతిని ఉన్నదున్నట్టు దించితే గోడ మధ్యలో తేమ చిక్కి బూజు పడుతుంది. సున్నపు గోడల మీద సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు వేసినా ఇదే జరుగుతుంది. లోపలి తేమ, ఉప్పు బయటికి పోలేక పూతను పొరలు పొరలుగా ఊడగొడతాయి. పాత గోడకు సున్నపు గారే సరిపడే పూత.

ఏసీ లేని ఇంట్లో మందపాటి పాత గోడల లోపలి వైపు పలకలు కొట్టించడం నష్టమే. పగటి వేడిని మింగి గదిని చల్లగా ఉంచే ఆ బరువును గదికి దూరం చేసినట్టవుతుంది.

ఎంత చల్లదనం చాలు?

చల్లబరిచే ఖర్చు మనం ఏ ఉష్ణోగ్రతను సుఖమనుకుంటున్నామో దాన్ని బట్టి కూడా ఉంటుంది. పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో నివసించేవారిని అడిగి, వారి గదుల్లో కొలతలు తీసి, వారికి హాయిగా తోచే ఉష్ణోగ్రత 29 డిగ్రీల చుట్టూ ఉందనీ, 26 నుంచి 32 దాటేదాకా సర్దుకోగలుగుతున్నారనీ తేల్చారు. ఫ్యాను గాలి, నూలు బట్టలు, కిటికీలు తెరిచే వేళలు ఈ సర్దుబాటులో భాగం. ఏసీ 20 దగ్గర తిప్పనక్కర్లేదనే మాటకు ఇది మనవాళ్ల మధ్యే దొరికిన రుజువు.

కిటికీ వేళలు కూడా ఊరిని బట్టి మారతాయి. ఒడ్డున ఉన్న ఊళ్లకు పగలే సముద్రపు గాలి చేరుతుంది, అక్కడ తూర్పు కిటికీలు తెరిచి ఉంచడమే మేలు. పాతిక కిలోమీటర్లు లోపలున్న నెల్లూరు పట్నంలో పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున ఆ గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. అక్కడ పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి, గాలి మళ్లాక తెరవాలి. కప్పు చల్లబడిన ఇంట్లోనే ఈ క్రమశిక్షణకు ఫలితం కనిపిస్తుంది.

నిబంధనల్లో పాత ఇల్లు

కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పు గుండా ప్రతి డిగ్రీకీ చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి పోకూడదంటుంది. ఉత్త స్లాబు 3.3 దగ్గర ఉంది. అయితే సంహిత చూపు కొత్తగా కట్టే పెద్ద నివాస సముదాయాల మీద. మూలాపేటలోని మిద్దె, పాళెంలోని సునామీ కాలనీ ఇల్లు, ఊరి చివరి రేకుల ఇల్లు దాని పరిధిలోకి రావు. వేసవిలో ఎక్కువ కష్టపడేది అక్కడివాళ్లే. వాళ్లలో చాలామందికి ఏసీ లేదు కాబట్టి, వాళ్ల ఆదా కరెంటు బిల్లులో కాకుండా నిద్రలో, కూలికి వెళ్లగలిగిన రోజుల్లో, ఆసుపత్రికి పోనక్కర్లేకపోవడంలో కనిపిస్తుంది.

ప్రభుత్వం పేదలకు కట్టించే ప్రతి ఇంటి అంచనాలో, సిమెంటు ఇనుములతో పాటే, కప్పు మీద తెల్ల పూతనూ పడమటి వైపు నీడనూ చేర్చాలి. పంచాయతీలు మార్చి నెలలో పాత కాలనీల కప్పులకు సున్నం వేయించడం ఉపాధి కల్పించే పని కూడా. సొంత ఇల్లున్నవారు వరుస పాటించాలి: ముందు స్లాబు మరమ్మతు, తరువాత తెలుపు, నీడ, కప్పు మీద ఉష్ణనిరోధకం, పడమటి గోడ. ఈ అయిదూ పూర్తయ్యాక కూడా ఏసీ గది బిల్లు భారంగా ఉంటే, మిగిలిన గోడల గురించి అప్పుడు ఆలోచించవచ్చు.